నిలిచిపోయిన ఫోను, నిలిచిపోయిన మనుష్యుడు

ధ్యాన భాగము: 1 రాజులు 19వ అధ్యాయము, 1 నుండి 18 వచనములు



చేతిలోని ఫోను ఉన్నట్టుండి నిలిచిపోవుట ఈ దినములలో మనలో అనేకులు ఎరిగిన సంగతియే. తెర మీద బొమ్మ ఉండును గాని కదలదు. వ్రేలితో ఎంత నొక్కినను పలుకదు. పిల్లలు దీనిని "హ్యాంగ్ అయినది" అందురు. అట్టి ఫోనునుగూర్చి సంఘ పత్రికలో వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను మన ప్రభువు పోయిన నాణెమును, పులిసిన పిండిని, పాత తిత్తులను చూపి బోధించెను గదా. మనమును మన యింటి వస్తువునుండి ఒక పాఠము నేర్చుకొందము.

మొన్న వేసవిలో మా సంఘమునకు చెందిన ఒక విధవరాలితో కలిసి మేము హైదరాబాదులోని విద్యానగరునకు వెళ్లవలసి వచ్చెను. ఆమె కుమారుడు ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుచు అక్కడ గది అద్దెకు తీసికొని యున్నాడు. 1918లో స్థాపింపబడిన ఆ విశ్వవిద్యాలయపు ఆవరణమునకు ఒక ప్రక్క తార్నాక, వేరొక ప్రక్క విద్యానగరు ఉన్నవి. పల్లెలనుండి వచ్చిన బిడ్డలు ఎందరో ఆ వీధులలోని చిన్న గదులలో ఉండి పరీక్షలకు చదువుచుందురు. ఈ యౌవనస్థుడు రెండు నెలలుగా ఇంటికి ఫోను చేయుట మానెను. తల్లి చేసినప్పుడు ఒకటి రెండు మాటలు పలికి ఊరకుండెను. రెండు పేపర్లు తప్పెనని తోటివారివలన మాకు తెలిసినది.

మహబూబ్‌నగరులో రైలెక్కి కాచిగూడకు వచ్చుచుండగా తల్లి చేతిలోని ఫోను నిలిచిపోయెను. ఆమె ముఖము పాలిపోయెను. ఏలయనగా అందులో ఆమె భర్త స్వరమున్నది. ఆయన మరణించుటకు కొన్ని దినములు ముందు ఒక రాత్రి కుటుంబ ప్రార్థన చేయుచుండగా కుమారుడే దానిని ఆ ఫోనులో రికార్డు చేసెను. నాలుగు నిమిషముల ప్రార్థన. వేరెక్కడను దానికి ప్రతి లేదు.

రైలు దిగిన తరువాత దారిలో ఒక దుకాణములో చూపితిమి. ఆ దుకాణదారుడు ఫోనును ఇటు అటు త్రిప్పి, "అంతా తుడిచివేసి రీసెట్ చేయవలెను. లోపల ఉన్నవేవియు మిగులవు" అనెను. మేము తొందరలో ఉంటిమి. "కానిమ్మమ్మా, ఫోనైనను దక్కును" అని ఆమెకు సలహా ఇచ్చితిమి. ఇది సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము. ఆమె మాత్రము ఫోనును కొంగున ముడివేసికొని, "వద్దయ్యగారూ, ముందు నా కొడుకును చూద్దాము" అనెను.

గదిలో అతడు గోడవైపు తిరిగి పండుకొని యుండెను. మధ్యాహ్నము దాటినను ఏమియు తినలేదు. మేము దారి పొడవున కూర్చుకొనిన మాటలు చాల ఉండెను. సోమరినిగూర్చి సామెతల గ్రంథము చెప్పునది, తల్లి పడిన కష్టము, అన్నియు సిద్ధముగా ఉంచుకొంటిమి. మేము నోరు తెరువకమునుపే తల్లి ఫోనును అతని చేతిలో పెట్టి, "బిడ్డా, మీ నాయన గొంతు పోయేటట్టున్నది" అనెను. అతడు లేచి కూర్చుండెను.

మొదట అతడు దానిని అరగంట ఛార్జింగులో పెట్టెను. తరువాత పవర్ బటనును, శబ్దము తగ్గించు బటనును రెండింటిని కలిపి అదిమి పట్టెను. మేము ప్రక్కన నిలిచి లెక్కపెట్టితిమి. ఎనిమిది, తొమ్మిది, పది. ఏమియు కాలేదు. "వదిలిపెట్టు బిడ్డా, పాడైపోవును" అని తల్లి భయపడెను. అతడు వ్రేళ్లు తీయలేదు. అంతలో తెర అంతయు నల్లబడెను. తల్లి కేక వేసెను. మాకును అంతా పోయినదనియే తోచెను. కొంతసేపటికి ఆ నల్లని తెర మీద కంపెనీ పేరు వెలిగెను. ఫోను తిరిగి లేచెను. తండ్రి ప్రార్థన ఉన్నచోటనే ఉండెను. నాలుగు నిమిషములు మేము ముగ్గురము తలలు వంచి విన్నాము.

ఆ తరువాత అతడు మా వైపు చూడకుండనే, "అయ్యగారూ, చదువు మానుకొని ఊరికి వచ్చేస్తాను. నా పేరు కొట్టించుకుంటాను" అనెను. అప్పుడు మేము కూర్చుకొనిన మాటలు మా నోట రాలేదు. బదరీవృక్షము క్రింద కూర్చున్న ఏలీయా మా మనస్సునకు వచ్చెను. ఆ దినమున మేము నేర్చుకొనినవి మూడు సంగతులు.

మొదటిది, నిలిచిపోవుట చచ్చిపోవుట కాదు. ఫోనులో రెండు విధములైన జ్ఞాపకములున్నవి. ర్యామ్ అనునది ఆ గడియలో జరుగు పనులను మోయు తాత్కాలిక జ్ఞాపకము. ఫోటోలు, స్వరములు దాచియుంచునది వేరొక జ్ఞాపకము. మొదలుపెట్టిన పనులు ఒకదానిమీద ఒకటి పడి ముందుకు సాగనప్పుడు ఫోను నిలిచిపోవచ్చును. బటన్లు అదిమి తిరిగి లేపినప్పుడు ఆ తాత్కాలిక జ్ఞాపకము మాత్రమే ఖాళీ యగును. అప్పుడే వ్రాయుచు ఇంకను భద్రపరచనిది పోవునేమో గాని, దాచుకొనినది పోదు.

ఏలీయాను చూడుడి. కర్మెలు పర్వతము మీద అంత గొప్ప జయము పొందినవాడు యెజెబెలు పంపిన ఒక్క వర్తమానమునకు ప్రాణభయముతో పారిపోయెను. అరణ్యములో ఒక దినము నడచి, ఇక చాలునని దేవుని వేడుకొనెను. దేవుడు అతని కోరిక చొప్పున చేయలేదు, గద్దింపనులేదు. అతని నిద్రపోనిచ్చెను. నిప్పుల మీద కాల్చిన రొట్టెను, నీళ్లను దూతచేత పంపెను. అతడు తిని మరల నిద్రించెను. దూత మరల లేపి తినుమనెను. హోరేబు వరకు ప్రయాణమంతయు ఆ తరువాతనే. మనమైతే పడిపోయిన బిడ్డను చూడగానే "ఎందుకిట్లు చేసితివి?" అని అడుగుదుము. దేవుని దూత అన్నము పెట్టినది మొదట.

రెండవది, కారణమును వెదకవలెను. ఆ ఫోను లేచిన పావుగంటకే మరల నిలిచిపోయెను. అప్పుడు అతడు దానిని సేఫ్ మోడ్ అను స్థితిలో తెరచెను. ఆ స్థితిలో ఫోనుతో వచ్చిన యాప్‌లు మాత్రమే నడచును. మనము తరువాత చేర్చుకొనినవి ఆగియుండును. అందులో ఫోను చక్కగా నడచెను. కావున తప్పు ఫోనుది కాదు, తరువాత చేరినదానిదే. ఉచితముగా సినిమాలు చూపుదునని చెప్పు ఒక యాప్ దొరికెను. దానిని తీసివేయగా బాగుపడెను.

2024 జూలై 19న లోకమంతట జరిగినది మీరు వినియుందురు. క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన ఒక దోషముగల ఫైలువలన ఒక్క దినమున సుమారు 85 లక్షల కంప్యూటర్లు నిలిచిపోయెను. మన శంషాబాదు విమానాశ్రయములో సయితము కొందరు ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇచ్చిరి. ఆ కంప్యూటర్లను ఎవరును పారవేయలేదు. అనేక కంప్యూటర్లను సేఫ్ మోడ్‌లో తెరచి, ఆ యొక్క ఫైలును తీసివేయగా అవి లేచినవి.

ఏలీయా లోపల కూడ అట్టి తప్పు మాట ఒకటి చేరియుండెను. తానొక్కడే మిగిలితినని అతడు హోరేబులో రెండు మారులు చెప్పెను. బయలునకు మోకరింపనివారు ఇశ్రాయేలులో ఏడు వేలమంది ఉన్నారని దేవుడు తెలియజేసెను. తెర మీద కనబడనంతమాత్రమున లేనట్టు కాదు. మా యౌవనస్థుని లోపల చేరిన మాట ఏదో అడిగితిమి. "నాయన పేరు చెడగొట్టినాను" అనెను. అతని తండ్రి ఆ నాలుగు నిమిషములలో కుమారుని పరీక్షనుగూర్చి ఒక్క మాటయు పలుకలేదు. అతని ప్రాణమును దేవుని చేతికి అప్పగించెను. అది మేమందరమును అప్పుడే వింటిమి.

మూడవది, తుడిచివేయుట కడపటి పని. ఫోను ఏ విధమునను లేవనప్పుడు రీసెట్ చేయుట తప్పకపోవచ్చును. అది మొదట చేయవలసినది కాదు. క్రీస్తునందున్నవాడు నూతన సృష్టియని పౌలు వ్రాసెను గదా, పాతదంతయు తుడిచివేయుటయే గదా అని ఎవరైన అడుగవచ్చును. దేవుడు పాపమును తుడిచివేయును గాని పాపిని తుడిచివేయడు. మూడు మారులు ఎరుగనన్న పేతురును ప్రభువు పేరుపెట్టి పిలిచి, మూడు మారులు ప్రేమనుగూర్చి అడిగి, తన గొఱ్ఱెలను అప్పగించెను. లేచిన ప్రభువు చేతులలో సయితము మేకుల గుర్తులు ఉండెను. తోమా వాటిని చూచెను. ఏలీయాను దేవుడు వచ్చిన త్రోవనే తిరిగి పంపి, హజాయేలును, యెహూను అభిషేకించు పని అప్పగించి, ఎలీషాను తోడుగా ఇచ్చెను.

చదువరులకు ఉపయోగపడునని ఒక మాట. పలు ఆండ్రాయిడ్ ఫోనులకు మేము చెప్పిన రెండు బటన్లు, కొన్నింటికి పవర్ బటను ఒక్కటే చాలును; ముప్పది సెకండ్ల వరకు పట్టవలసి రావచ్చును. ఐఫోను 8 మొదలు తరువాత వచ్చినవాటికి శబ్దము పెంచు బటనును నొక్కి విడిచి, తగ్గించునది నొక్కి విడిచి, ప్రక్క బటనును యాపిల్ గుర్తు వచ్చువరకు అదిమి పట్టవలెను. త్వరపడి వ్రేలు తీయవద్దు. తెర నల్లబడినప్పుడు భయపడవద్దు. మీకు విలువైన స్వరములకు, ఫోటోలకు ఈ వారమే వేరొక చోట ఒక ప్రతి ఉంచుకొనుడి.

ఆ సాయంకాలము ముగ్గురము విద్యానగరులో ఒక చిన్న హోటలులో భోజనము చేసితిమి. అతడు రెండవసారి అన్నము అడిగెను. తల్లి అక్కడ రెండు దినములు నిలిచెను. అతడు పేరు కొట్టించుకొనలేదు. ఆ రెండు పేపర్లు మరల వ్రాయవలసియున్నది. ఫలితమేమగునో మాకు తెలియదు. ఆదివారము ఆరాధన ముగిసిన వేళకు మాత్రము తల్లి ఫోను మ్రోగుచున్నది.

ప్రియులారా, మీ సంఘములో చాల దినములుగా పలుకక నిలిచిపోయినవారు ఎవరు? సంఘ పుస్తకములోనుండి వారి పేరు కొట్టివేయవలెనని పెద్దలు తలంచుచున్నారేమో. ఈ వారము వారి యింటికి వెళ్లుడి. భోజనము చేసితిరా అని మొదట అడుగుడి. పది లెక్కపెట్టి చెయ్యి తీసివేయక, ఇంకను పట్టియుండుడి.

పరలోకమందున్న మా తండ్రీ, మేము నిలిచిపోయిన దినమున నీవు మమ్మును పారవేయలేదు. అలసినవారికి నిద్రను, ఆకలిగొనినవారికి రొట్టెను ఇమ్ము. మాలో చేరిన అబద్ధపు మాటను తీసివేయుము. నీ పిల్లలను తుడిచివేయుటకు త్వరపడు మా చేతులను ఆపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.