వాసన

అప్పుడే పుట్టిన శిశువు, ఎవ్వరును నేర్పకయే, కన్నులైన సరిగా తెఱవకయే, తల్లిరొమ్మును వెదకికొనుట మనమందఱము ఎఱిగినదే. నిత్యము చూచునది గనుక అందలి వింత మనకు తోపదు. కాని గౌతముని న్యాయసూత్రములలో, మూడవ యధ్యాయమున, ఈ చిన్న విషయమే ఒక మహావాదమునకు ఆధారమైనది. ఇచ్ఛ యనునది అనుభవమునుండి పుట్టవలెను. ఈ జన్మమున పాల రుచి యెఱుగని శిశువునకు పాలయం దిచ్ఛ కలుగుచున్నది. కావున ఆ యనుభవము పూర్వజన్మమున జరిగినదై యుండవలెనని నైయాయికుని యుక్తి. ఇనుము అయస్కాంతమును చేరుచున్నది గదా, దానికి పూర్వజన్మ మెక్కడిదని ప్రతివాది. మట్టిగడ్డ అయస్కాంతమును చేరదు, ఇనుము మఱియొకదానిని చేరదు, ఆ నియమమునకును కారణమొకటి యుండవలెను గదా యని మరల సమాధానము. ఈ ఘట్టమును చదివినపుడెల్ల, సాక్షిగా పిలువబడిన శిశువు మిక్కిలి విధేయుడని నాకు తోచెడిది. పెట్టినదానిని కాదని ముఖము త్రిప్పుకొను సాక్షి యొకడు దొరకిన ఈ వ్యవహార మింకను బాగుగా తేలునుగదా యనుకొనెడివాడను. అట్టి సాక్షి నాకు అమెరికాలో, మా మేనల్లుని యింట, చెప్పులపెట్టెయంత డబ్బాలో దొరకెను.

మేనల్లుని కుమారుడు కార్న్ స్నేక్ అను జాతి పాముపిల్లను పెంచుచుండెను. ఆ దేశపు ఆగ్నేయ రాష్ట్రములలో సహజముగా సంచరించు ఈ విషములేని పాము, మొక్కజొన్న గాదెలలో ఎలుకలకై తిరుగుటచే ఆ పేరు పొందెనని కొందఱును, పొట్టమీది గళ్ళు మొక్కజొన్న గింజలను బోలుటచేతనని కొందఱును చెప్పుదురు. గ్రుడ్డునుండి వెలువడిన వారము పది దినములకు తొలి కుబుసము విడుచువఱకు, కడుపులో నింకిన పచ్చసొనయే దానికి చాలును. పిమ్మట కన్ను తెఱవని ఎలుకపిల్లను, గడ్డకట్టించి అంగళ్ళలో అమ్మెడిదానిని, వేడినీట కరగించి యిచ్చెదరు. ఈ పిల్ల మూడు వారములు దానిని తాకలేదు. కుఱ్ఱవాడు పట్టకారుతో ముక్కుయెదుట ఆడించును. అది తల వెనుకకు తీసి చుట్టచుట్టుకొనును. అతిథి విస్తరిలో మారు వడ్డింపకున్న చేయి యూరుకొనని యిల్లాలగు వాని తల్లి, “నోరు తెఱిచి పెట్టకూడదట్రా, చచ్చిపోదూ?” అని రోజునకొకసారి యడుగుచుండెను. అది కడపటి మార్గమనియు, బలవంతముగా మ్రింగించిన బెదరి కక్కివేయుననియు, వెచ్చదనము, చీకటి, దాగుటకు చోటు అమర్చి, అయిదాఱు దినములు ముట్టకుండ విడిచి మరల యత్నింపవలెననియు ఆ కుఱ్ఱవాడు తల్లికి బోధించుట చూడ నాకు ముచ్చటయైనది. వండినవారి తొందర వేఱు, తినువాని యాకలి వేఱు. ఈ భేదము మన పంక్తులలో పెద్దలకే తెలియదు.

ఎలుకను అది కాదనుటకు హేతువు సులభమే. అడవిలో ఆ పాముల పిల్లలు తఱచుగా తినునవి చిన్న తొండలును, చెట్టుకప్పలును. ఎలుకలు పెరిగిన పిమ్మటి భోజనము. పాము నాలుక గాలిలోని కణములను తెచ్చి నోటికప్పున నున్న జాకబ్సన్ అవయవమున కందించును. అచ్చటనే ఇది అన్నము, ఇది కాదు అను తీర్పు జరుగును. కుఱ్ఱవాడు ఎలుకపిల్లను కడిగి, అనోల్ అను పచ్చని తొండ వీపున రుద్ది, రాత్రి డబ్బాలో నుంచి, గుడ్డ కప్పి వెడలిపోయెను. తెల్లవారుసరికి అది లేదు.

అప్పుడు నాకు మన మాట యొకటి క్రొత్తగా వినబడెను. ముక్కునకు తగులునదియు వాసనయే, జన్మాంతరమునుండి జీవుని వెంబడించు సంస్కారమును వాసనయే. ఈ పాముపిల్లయందు ఆ రెండర్థములును ఒక్కటిగా పనిచేసినవి. 1967లో గోర్డన్ బర్గార్ట్ అను శాస్త్రజ్ఞుడు, ఎన్నడును ఆహార మెఱుగని పాముపిల్లల యెదుట వివిధ జంతువుల సారములో ముంచిన దూదిని పట్టి చూడగా, ఆయా జాతి పిల్ల తన జాతి తిను జంతువు వాసనకే నాలుక విసరి దూదిని కఱచుచుండెను. 1977లో స్టీవన్ ఆర్నాల్డ్ ఇంకొక యడుగు ముందునకు పోయెను. కాలిఫోర్నియాలో ఒకే జాతి గార్టర్ పాము, గుల్లలేని నత్తలు విస్తారముగా నుండు సముద్రతీరమునను, అవి లేని లోనాటిసీమను గలదు. తీరపు పాముల పిల్లలలో ఎక్కువ భాగము పుట్టుకతోనే నత్తముక్కను స్వీకరించినవి, లోనాటి పిల్లలలో ఎక్కువ భాగము నిరాకరించినవి.

ఇది గౌతమునకు అనుకూలమా, ప్రతికూలమా? నేర్పకయే పుట్టిన ఇచ్ఛ కలదనుట నిజమైనది. కాని ఆ యనుభవము జీవునిదే యైనచో, నత్త తిని చచ్చిన జీవులే తీరమునకు వచ్చి పుట్టుచుండవలెను. కర్మవశమున అట్లే జరుగునని నైయాయికుడనును; నన్ను నిరుత్తరుని చేయవచ్చును గాని నమ్మింపజాలడు. నాకు తోచునది, ఆ జ్ఞాపకము వంశముది. పాముపిల్ల పుట్టుకతో తెచ్చుకొన్న పిత్రార్జితము. నాగులచవితినాడు పుట్టలో పాలు పోయు మనము, ఆ పిత్రార్జితములో పాలు లేవను మాట మఱచితిమి; భక్తి మనది, ఆకలి దానిది, రెండింటికిని చుట్టఱికము లేదు.

తొండ వాసన పూయుట మోసము కాదాయని కుఱ్ఱవాడు నన్నడిగెను. చందమామను జూపి బువ్వ పెట్టిన తల్లులందఱును ఆ నేరమున పాలివారేయని చెప్పి తప్పించుకొంటిని. వాడు అడుగనిది, నన్ను వదలనిది వేఱొకటి: నీట కరగుచున్న ఆ ఎలుకపిల్ల, వెండ్రుకైన మొలవనిది, కన్ను తెఱవకయే తల్లిరొమ్మును వెదకికొన్నదే, న్యాయశాస్త్రపు మొదటి సాక్షియే నా సాక్షికి ఆహారమైనది. దీనికి నాయొద్ద సమాధానము లేదు.

రెండవమారు తొండ వాసన తక్కువగా పూసిరి. మూడవమారు పేరునకు మాత్రమే. నాలుగవమారు ఉత్త ఎలుకపిల్లను పెట్టి, దీపము తగ్గించి, వాడును నేనును తలుపుకడ నిలిచితిమి. పాము చాలసేపు నాలుక ఆడించెను. కొంత దూరము పోయెను. మరల వచ్చెను.