సేవ ఆమెది, పెద్దరికం ఆయనదా?

కొండగట్టు దాటి జగిత్యాల, కోరుట్ల వైపు వెళ్లినా, వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరినా, అక్కడి క్రైస్తవ సంఘాలు ఎవరి రెక్కల మీద నడుస్తున్నాయో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ప్రాంతపు మగవాళ్లు ఎందరో దుబాయ్, సౌదీ, మస్కట్ వలసల్లో ఉన్నారు. సిరిసిల్లలో మిగిలినవాళ్లకు సాంచెల (మరమగ్గాల) మీదే తెల్లారుతుంది. బీడీలు చుట్టేది, పిల్లల ఫీజు కట్టేది, వీసాకు చేసిన అప్పుకు వడ్డీ లెక్క చూసేది, ఉపవాస ప్రార్థనకు చాపలు పరిచేది ఎక్కువగా ఆడవాళ్లే. కానుక సంచిలో బీడీ కూలి డబ్బు కూడా ఉంటుంది. అయినా సంఘ పెద్దలు ఎవరని అడిగితే ముందుగా వినిపించేవి మగ పేర్లే. ఇదేమిటంటే ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది: దేవుని దృష్టిలో స్త్రీ పురుషులు సమానమే, కాకపోతే సేవ ఆమెది, నాయకత్వం ఆయనది. వినడానికి సర్దుబాటుగానే ఉంది. కానీ సేవను ఒకరికి, పెద్దరికాన్ని ఇంకొకరికి పంచే ఈ పద్ధతిని క్రీస్తే కొట్టేశాడని నా వాదన.

మార్కు సువార్త 10వ అధ్యాయంలో జెబెదయి కుమారులు యాకోబు, యోహాను వచ్చి మహిమలో కుడి ఎడమల ఆసనాలు తమకు కావాలంటారు. మిగతా పదిమందికి కోపం వస్తుంది. (వాళ్లకూ అవే కావాలేమో!) యేసు అందరినీ పిలిచి, లోకంలో ఏలేవాళ్లు కిందివాళ్ల మీద పెత్తనం చేస్తారు, మీలో అలా జరగకూడదు, గొప్పవాడు కావాలనుకున్నవాడు పరిచారకుడు కావాలి అని తేల్చి చెబుతాడు. తాను వచ్చింది కూడా సేవ చేయడానికేనంటాడు. అదే సువార్తలో మరికొంత ముందుకు వెళితే, ఆయనను పట్టుకున్న రాత్రి శిష్యులంతా పారిపోతారు. సిలువ దగ్గర, దూరం నుంచైనా, నిలబడి చూస్తున్నవాళ్లుగా మార్కు పేర్లు చెప్పింది ముగ్గురు స్త్రీలవి: మగ్దలేనే మరియ, యాకోబు యోసేల తల్లి మరియ, సలోమే. గలిలయలో ఆయనకు పరిచారం చేసింది వీళ్లేనని కూడా రాశాడు. గొప్పతనానికి కొలత సేవేనని గురువు చెప్పాడు. ఆ కొలతకు నిలిచినవాళ్లు ఎవరో సువార్తికుడు చూపించాడు. ఇక స్త్రీలు సేవ చేయవచ్చు గానీ నడిపించకూడదు అనాలంటే, నాయకత్వమంటే సేవ కాని మరొకటేదో ఉందని ఒప్పుకోవాలి. యేసు వద్దన్నది సరిగ్గా ఆ మరొకదాన్నే.

దీనికి మొదటి అభ్యంతరం ఆదికాండం నుంచి వస్తుంది. ఆదాము ముందు, హవ్వ తర్వాత. కాబట్టి పెత్తనం ముందువాడిదట. పుట్టుక వరుసే అధికారమైతే పశువులు ఆదాము కంటే ముందు పుట్టాయి. మొదటి అధ్యాయంలో దేవుని స్వరూపం ఇద్దరికీ ఉంది, భూమిని ఏలే అప్పగింతా ఇద్దరికీ కలిపే ఉంది. భర్త భార్యను ఏలుతాడన్న మాట మూడో అధ్యాయంలో, పాపం తర్వాత వస్తుంది. నేల ముళ్ల తుప్పలు మొలిపించడం, చెమటోడ్చి తిండి తినడం కూడా ఆ తీర్పులోనివే. కోరుట్ల, మెట్‌పల్లి పసుపు చేలల్లో కలుపు తీసే రైతును దేవుని ఆజ్ఞ మీరుతున్నావని ఏ బోధకుడూ ఆపడు. నేలకు పట్టిన శాపాన్ని రోజూ పీకిపారేస్తూ, ఇంట్లో పెరిగిన కలుపును మాత్రం దైవ నియమమని నీళ్లు పోసి పెంచడం ఏ న్యాయం?

పౌలు సంగతి ఇంత సులువు కాదు. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ఉంది. స్త్రీ ఉపదేశించడానికి ఒప్పుకోనని తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది. వీటిని లేనట్టు దాటవేయడం నిజాయితీ కాదు. అయితే కొరింథీయుల పత్రికలోనే 11వ అధ్యాయంలో స్త్రీలు ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు తల ఎలా ఉంచుకోవాలో పౌలు చెబుతాడు. నోరే తెరవకూడని మనిషి ప్రవచించేదెట్లా? అంటే 14వ అధ్యాయపు మౌనం అన్ని కాలాలకూ అన్ని నోళ్లకూ వేసిన తాళం కాదు, ఆ సభలోని గందరగోళానికి చెప్పిన కట్టడి. అక్కడే భాషలు మాట్లాడేవాళ్లనూ ప్రవక్తలనూ కూడా సమయం చూసి ఊరుకోమన్నాడు. రోమా పత్రిక 16వ అధ్యాయంలో ఫీబేను సంఘ పరిచారికగా సిఫారసు చేశాడు, ప్రిస్కిల్లను భర్త అకుల కంటే ముందు పేర్కొన్నాడు. అపొల్లో అంతటి పండితుడికి దేవుని మార్గాన్ని సరిదిద్ది చెప్పినవాళ్లలో ఆ ప్రిస్కిల్ల ఉందని అపొస్తలుల కార్యాలు చెబుతోంది. తిమోతి పత్రికలోని మాటను అన్ని కాలాలకూ శాసనం చేస్తే ఆమె పనే తప్పవుతుంది. ఎఫెసీయుల పత్రిక మాటకొస్తే, పెళ్లి ప్రసంగాల్లో భార్య లోబడాలన్న భాగం గట్టిగా వినిపిస్తుంది. దానికి ముందున్న వాక్యం ఒకరికొకరు లోబడమంటుంది. ఆ తర్వాత భర్తలకు చెప్పింది భార్యలకు చెప్పినదానికంటే చాలా పొడవు: క్రీస్తు సంఘం కోసం ప్రాణమిచ్చినట్టు ఇవ్వాలి. ప్రాణం ఇవ్వమన్నచోట పెత్తనం చేయమన్నట్టు చదువుకోవడం మగ పాఠకుడి చమత్కారం.

సమానులే కానీ పాత్రలు వేరు అనే మాట చదువుకున్నవాళ్లు ఎక్కువగా ఆడేది. దీన్ని తెలుగు క్రైస్తవులు మిగతావాళ్లకంటే ముందే పసిగట్టాలి. తెలుగునాట సంఘాల్లో ఎక్కువ భాగం మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. అందరిలో ఉన్న ఆత్మ ఒకటే, పని మాత్రం పుట్టుకను బట్టి అన్న సూత్రం తాతలనాడు ఊరి బయట ఎలా పనిచేసిందో వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పాత్రలు వేరుగా ఉండటంలో తప్పు లేదు. పౌలే వరాలు వేర్వేరు అన్నాడు. కానీ ఆ వరాలు ఆత్మ పంచినవి, పుట్టుకతో రాసిపెట్టినవి కావు. గలతీయుల పత్రిక 3వ అధ్యాయంలో యూదుడు-గ్రీసు దేశస్థుడు, దాసుడు-స్వతంత్రుడు, పురుషుడు-స్త్రీ అనే మూడు జతలూ క్రీస్తులో ఒక్కటయ్యాయి. అది రక్షణ గురించి మాత్రమే, హోదా గురించి కాదని కొందరంటారు. మరి మొదటి జత కోసం, యూదులు కానివాళ్లతో ఒకే బల్ల దగ్గర తినలేదని పౌలు అంతియొకయలో పేతురునే అందరి ముందు నిలదీశాడు. బల్ల హోదా కాదా? మొదటి రెండు జతలనూ కులం మీద ప్రసంగాలకు వాడుకుని, మూడో జత దగ్గర ఆగిపోవడానికి వీల్లేదు.

ఇదంతా పాశ్చాత్య ఫ్యాషన్ అన్న విమర్శకు జవాబు నంద్యాలలో ఉంది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం 1976లోనే స్త్రీలకు గురుత్వాభిషేకం ఇచ్చింది. ఇంగ్లాండు సంఘంలో స్త్రీలు గురువులైంది 1994లో. 2013 సెప్టెంబరులో కర్నూలు జిల్లాకు చెందిన ఇ. పుష్పలలిత నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్ అయ్యారు. ఇంగ్లాండు సంఘానికి తొలి మహిళా బిషప్ 2015 జనవరిలో వచ్చారు. మిషనరీలను పంపిన ఊరే మనకంటే వెనక నడిచింది. కథోలిక సంఘం ఈ దారి ఒప్పుకోదు. స్త్రీలకు గురుపట్టం ఇచ్చే అధికారం సంఘానికి లేదని రెండవ జాన్ పాల్ పోపు 1994లో ప్రకటించారు. అదే పోపు 1988లో స్త్రీ గౌరవం మీద రాసిన లేఖలో, ఎఫెసీయుల పత్రికలోని లోబడటం భార్యాభర్తలు ఇద్దరిదీ అన్నారు. గురుపట్టం మీద తేడా ఉన్నా, ఇంట్లో మగవాడి పెత్తనానికి అక్కడా మద్దతు దొరకదు.

అసలు పరీక్ష కూడా పీఠం దగ్గర కాదు, ఇంటి దగ్గర, కోర్టు దగ్గర. మార్కు 10వ అధ్యాయంలోనే విడాకుల విషయంలో భర్తకూ భార్యకూ యేసు ఒకే నియమం పెట్టాడు. క్రైస్తవుల కోసం 1869లో వచ్చిన విడాకుల చట్టం మాత్రం భర్తకు భార్య వ్యభిచారం చూపిస్తే చాలంది. భార్య అయితే దానికి తోడు క్రూరత్వమో, వదిలేయడమో కూడా రుజువు చేయాలంది. ఆ తేడా 2001లో గానీ పోలేదు. 132 ఏళ్లు! ఆస్తి సంగతిలో 1925 నాటి భారత వారసత్వ చట్టం కొడుకుకూ కూతురికీ సమాన వాటా ఇచ్చింది. కట్నం ఇచ్చాం కదా అని ఆ వాటాను ఎగ్గొట్టే ఇళ్లలో గలతీయుల పత్రిక ఎంత చదివినా ఒకటే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంఘాల పెద్దలకు నా మనవి: ఈసారి కమిటీకి పేర్లు రాసేటప్పుడు, ఏడాది పొడవునా సంఘాన్ని మోసినవాళ్లు ఎవరో ముందు చూడండి. ఆ పేర్లే రాయండి.