చలికి ముందు పడవ: శ్రమ ఎవరిది, ఎరుక ఎవరిది

ఒక వస్తువును సొంతం చేసుకున్న మనిషి దాని ఆలనాపాలనా తన చేతులతోనే చూసుకోవాలా, లేక ఆ పని తెలిసినవారికి సొమ్ము చెల్లించి నిశ్చింతగా ఉండవచ్చా అనే ప్రశ్న పైకి ఇంటి ఖర్చుల లెక్కలా కనిపించినా, లోతుకు వెళ్లేకొద్దీ అది బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందనే విచారణగా మారుతుంది. అమెరికా ఉత్తర రాష్ట్రాలైన మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్‌లలో మరపడవల యజమానులు ఏటా చలికాలానికి ముందు ఎదుర్కొనే ఒక సందర్భం ఈ విచారణకు చక్కటి ఆధారం. అక్కడి చిన్న సరస్సులు నవంబరు, డిసెంబరు నెలల్లో గడ్డకట్టి సాధారణంగా ఏప్రిల్ వరకు కరగవు. సుపీరియర్ సరస్సును దిగువ సరస్సులతో కలిపే సూ లాకుల గుండా సాగే పెద్ద ఓడల రాకపోకలు సైతం ఏటా జనవరి 15 నుంచి మార్చి 25 వరకు నిలిచిపోతాయి. అందువల్ల విహారానికో చేపల వేటకో పడవ ఉంచుకున్న ప్రతి కుటుంబం మంచు పడకముందే దాన్ని గట్టుకు చేర్చి, లోపలి యంత్రాన్ని గడ్డకట్టే చలికి తట్టుకునేలా సిద్ధం చేసి, కప్పి ఉంచవలసి వస్తుంది. ఈ పనిని అక్కడ వింటరైజేషన్ అంటారు. దీన్ని యజమాని చేసుకోవాలా, మెరీనా అనే పడవల రేవులోని మెకానిక్‌కు అప్పగించాలా అన్నది అక్కడ ఏటా అక్టోబరులో తలెత్తే ప్రశ్న.

ఈ పని అవసరం నీటికున్న ఒక విశేష స్వభావం నుంచి పుట్టింది. చాలా పదార్థాలు గడ్డకట్టినప్పుడు కుంచించుకుపోతాయి; నీరు మాత్రం దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది. నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యధిక సాంద్రత పొంది, అంతకన్నా చల్లబడ్డాక తేలికై పైకి చేరే ఈ స్వభావం వల్లనే సరస్సు పైనుంచి గడ్డకడుతుంది, అడుగున చేపలు బతుకుతాయి. అదే స్వభావం ఇంజన్‌కు ప్రాణాంతకం. మరపడవల లోపల అమర్చే ఇంజన్లు చాలావరకు సరస్సు నీటినే లోపలికి పీల్చుకుని, సిలిండర్ల చుట్టూ ఉన్న పోత ఇనుప దిమ్మలోని దారుల గుండా తిప్పి, వేడిని తీసుకుని బయటికి వదులుతాయి. ఈ దిమ్మనే ఇంజన్ బ్లాక్ అంటారు. పోత ఇనుము దృఢమైనదే గాని సాగదు. దారుల్లో చిక్కిన కొద్దిపాటి నీరు గడ్డకట్టి ఉబ్బితే అది పగిలిపోతుంది. ఆ పగులు బాగుచేయడం కన్నా ఇంజన్ మార్చడమే మేలనిపించే స్థితి తరచుగా ఏర్పడుతుంది.

నీటిని తీసివేయడం ఈ పనిలో ప్రధానమైనదే అయినా అదొక్కటే సరిపోదు. వేసవి అంతా వాడిన ఇంజన్ ఆయిల్‌లో ఆమ్లాలు, తేమ చేరి ఉంటాయి కనుక, నెలల తరబడి అవి లోహాన్ని తినివేయకుండా పాత ఆయిల్ తీసి కొత్తది పోస్తారు. అమెరికాలో అమ్మే పెట్రోలులో సాధారణంగా 10 శాతం వరకు ఇథనాల్ కలుస్తుంది. ఇథనాల్ గాలిలోని తేమను గ్రహించి, హద్దు మీరినప్పుడు నీటితో కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతుంది. ఇంధనం చెడకుండా నిలిపే రసాయనాన్ని ట్యాంకులో పోసి, అది గొట్టాలన్నిటికీ చేరేలా ఇంజన్‌ను కొంతసేపు నడుపుతారు. ప్రొపెల్లర్‌ను తిప్పే గేర్ల పెట్టెలోని నూనె పాలలా తెల్లబడి ఉంటే సీలు దెబ్బతిని లోపలికి నీరు చేరిందని గ్రహిస్తారు. బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి ఉంచుతారు, ఎందుకంటే నిండుగా చార్జి అయిన బ్యాటరీలోని ద్రావణం అక్కడి తీవ్రమైన చలిని సైతం తట్టుకుంటుంది గాని, చార్జి లేనిది సున్నాకు కొన్ని డిగ్రీల దిగువనే గడ్డకట్టగలదు. వీటిలో ఏ ఒక్కటీ సామాన్యుడు నేర్చుకోలేనంత కష్టమైనది కాదు. ఏ ఒక్కటీ మరచిపోదగినదీ కాదు.

ఈ పనికున్న అసలు విశిష్టత దాని ఫలితం కనిపించే తీరులో ఉంది. వంట చేసినవారికి రుచి వెంటనే తెలుస్తుంది, గోడ కట్టినవారికి వంకర కంటి ముందే కనిపిస్తుంది. పడవను చలికి సిద్ధం చేసినవారికి మాత్రం తాము చేసింది సరైనదో కాదో అయిదారు నెలల వరకు తెలియదు. పని చక్కగా జరిగితే వసంతంలో ఏమీ జరగకపోవడమే దాని ఫలితం. లోపం ఉంటే అది జనవరి రాత్రి ఎవరూ చూడని వేళ ఇనుమును పగలగొట్టి, మే నెలలో ఇంజన్ ఆయిల్‌లో నీరుగా బయటపడుతుంది. ఇలా ఫలితం ఆలస్యంగానూ అదృశ్యంగానూ ఉండే పనుల్లో చేసేవారి నిజాయితీ, శ్రద్ధ తప్ప ఆ క్షణాన వేరే సాక్ష్యం ఉండదు. కనుక సొంత చేయా, పరుల చేయా అన్న ప్రశ్నను ఈ కోణం నుంచే పరిశీలించాలి.

నిపుణుని పక్షాన చెప్పదగిన వాదం బలమైనది. ఆడమ్ స్మిత్ 1776లో గుండుసూదుల తయారీని ఉదాహరణగా తీసుకుని వివరించిన శ్రమ విభజన సూత్రం ప్రకారం ఒకే పనిని పదేపదే చేసేవాడు వేగాన్ని, నేర్పును, పనిముట్లను సమకూర్చుకుంటాడు. పడవల విషయంలో దీనికి మరొక మేలు తోడవుతుంది. యజమాని ఏటా ఒకే పడవను చూస్తాడు. అతని తప్పు అతనికి తెలిసేసరికి ఇంజన్ పోయి ఉంటుంది. మెకానిక్ ఎన్నో పడవలను చూస్తాడు, ఇతరులు పాడుచేసుకున్న ఇంజన్లను వసంతంలో విప్పుతాడు, ఏ నమూనాలో నీరు ఏ మూల దాక్కుంటుందో ఆ శకలాల నుంచే నేర్చుకుంటాడు. ఒక్క పడవ తన యజమానికి ఇవ్వలేని పాఠాన్ని అనేక పడవలు కలిసి మెకానిక్‌కు ఇస్తాయి. పైగా చాలా బీమా పాలసీలు చలికి కలిగిన నష్టాన్ని నిర్వహణ లోపంగా భావించి మినహాయిస్తాయి. కొన్ని మాత్రం పని నిపుణుల చేత జరిగి, రసీదు ఉంటేనే రక్షణ కల్పిస్తాయి. అప్పుడు యజమాని చెల్లించే సొమ్ము శ్రమతో పాటు నష్టభారంలో భాగస్వామ్యానికీ వెల అవుతుంది.

యజమాని పక్షాన చెప్పదగిన వాదం మరొక చోటి నుంచి మొదలవుతుంది. తొలి గడ్డు చలి హెచ్చరిక రాగానే మెరీనాల ముందు పడవలు బారులు తీరుతాయి; అదే మెకానిక్ అప్పుడు రోజుకు ఎన్నో ఇంజన్లు ముగించవలసి వస్తుంది. యజమానికి ఆ తొందర లేదు, తన పడవ వేసవిలో ఏ రోజు వింత శబ్దం చేసిందో, ఏ గొట్టం కిందటి ఏడు మార్చారో అతనికి గుర్తుంటుంది. మిన్నియాపొలిస్‌లో పుట్టిన రాబర్ట్ పిర్సిగ్ 1974లో వెలువరించిన జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్ అనే గ్రంథం ఈ సమస్యనే మోటార్‌సైకిల్ ఆధారంగా చర్చించింది. అందులోని కథకుడు బండిని దుకాణానికి అప్పగిస్తే అక్కడివారు పలుమార్లు విప్పి బిగించినా లోపం పట్టలేకపోతారు. ఆయిల్ సరఫరాలో తెగిన పాతిక సెంట్ల పిన్ను ఒకటి కారణమని తరువాత ఎప్పుడో తేలుతుంది. అక్కడివారికి కొరవడింది నేర్పు కాదు, ఆ బండితో సంబంధం. సొమ్ముతో నేర్పును పొందవచ్చు, సమయాన్ని పొందవచ్చు. పట్టింపు మాత్రం ఇచ్చేవారి ఇష్టం మీద ఆధారపడి ఉంటుంది.

అంతమాత్రాన సొంత చేతికి సహజంగా ఏదో పవిత్రత ఉందని భావించడం పొరపాటు. యాంటీఫ్రీజ్ వాడకంలో తరచుగా జరిగే ఒక తప్పు దీనికి నిదర్శనం. యాంటీఫ్రీజ్ అంటే గడ్డకట్టే ఉష్ణోగ్రతను తగ్గించే ద్రవం. పడవలకు వాడే గులాబీ రంగు రకంలో ఎక్కువగా ప్రొపిలీన్ గ్లైకాల్ ఉంటుంది, అది కార్లలో వాడే విషపూరితమైన ఇథిలీన్ గ్లైకాల్ కన్నా జలచరాలకు, పెంపుడు జంతువులకు చాలా తక్కువ హానికరం. కొందరు చల్లని ఇంజన్‌ను నడుపుతూ ఈ ద్రవాన్ని నీటి దారిలో పంపి, పొగగొట్టం నుంచి గులాబీ రంగు కారగానే పని ముగిసిందని తృప్తి పడతారు. కాని ఇంజన్ వేడెక్కేవరకు థర్మోస్టాట్ అనే కవాటం మూసుకుని ఉంటుంది గనుక ఆ ద్రవం బ్లాక్‌లోకి పోకుండానే పక్కదారిన బయటికి వచ్చి ఉండవచ్చు. లోపలికి చేరినా అక్కడ మిగిలిన నీటితో కలిసి పలచబడి, సీసా మీద రాసిన రక్షణను ఇవ్వలేకపోవచ్చు. అలాగే బ్లాక్ అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్ విప్పినప్పుడు నీరు రాకపోతే లోపల నీరు లేదని అర్థం కాదు. తుప్పు, ఇసుక ఆ రంధ్రాన్ని పూడ్చి ఉండవచ్చు, సన్నని తీగతో పొడిచి చూస్తే గాని నిజం తెలియదు. గులాబీ రంగు ఒక గుర్తు, రసీదు మరొక గుర్తు. ఒకటి స్వయంగా చేసుకున్నవాడిని మోసగిస్తుంది, రెండవది అప్పగించినవాడిని మోసగిస్తుంది. గుర్తును చూసి వస్తుస్థితిని చూశామనుకోవడమే రెండు చోట్లా జరిగే అసలు తప్పు.

అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథం మూడవ భాగంలో, కొన్ని కళల్లో చేసినవాడి కన్నా వాడేవాడే మంచి నిర్ణేత అంటూ, చుక్కాని బాగోగులను వడ్రంగి కన్నా దాన్ని పట్టి నడిపేవాడే బాగా చెప్పగలడని ఉదాహరించాడు. ఈ సూత్రాన్ని వింటరైజేషన్‌కు అన్వయిస్తే శ్రమ, తీర్పు అనే రెండు విషయాలు విడివడతాయి. శ్రమను ఎవరైనా చేయవచ్చు. అది సరిగా జరిగిందా అని అడగగలిగే, జవాబును అర్థం చేసుకోగలిగే శక్తి మాత్రం యజమాని దగ్గర ఉండాలి. బ్లాక్ నుంచి నీరు ఎన్ని రంధ్రాల ద్వారా తీశారు, అవి పూడిపోయి ఉన్నాయేమో చూశారా, గేర్ల నూనె ఏ రంగులో ఉంది అని అడగగలవాడు పనిని అప్పగించినా ఎరుకను వదులుకోలేదు. ఈ ప్రశ్నలు తెలియనివాడు స్వయంగా చేసినా, పరులచేత చేయించినా ఒకే విధంగా అదృష్టం మీద ఆధారపడి ఉన్నాడు.

ఈ బాధ్యత సొంత ఆస్తితోనే ముగియదు. వాడిన ఆయిల్‌ను నేల మీద ఒలకబోస్తే, విషపూరిత ద్రవాన్ని సరస్సులోకి వదిలితే నష్టం ఆ నీటిని పంచుకునే అందరిదీ. మిన్నెసోటా చట్టం పడవను రోడ్డు మీద తరలించేటప్పుడు నీటిని పూర్తిగా తీసివేసి పడవ డ్రెయిన్ ప్లగ్‌ను తెరిచే ఉంచాలని నిర్దేశించడానికి కారణం, ఒక సరస్సులోని జీబ్రా మస్సెల్ వంటి ఆగంతుక జీవులు మిగిలిన నీటితో మరొక సరస్సుకు చేరి అక్కడి జీవజాలాన్ని దెబ్బతీయడమే. ఈ కర్తవ్యాన్ని ఏ మెకానిక్‌కూ రసీదు మీద బదలాయించలేం.

తెలుగువారికి ఈ ప్రశ్న దూరమైనది కాదు. మిన్నియాపొలిస్, డెట్రాయిట్, షికాగో శివార్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఏటా ఇదే రుతువులో పచ్చిక తడిపే స్ప్రింక్లర్ గొట్టాల్లోని నీటిని గాలి ఒత్తిడితో ఊదించి వేయడానికి మనిషిని పిలవాలా, కంప్రెసర్ తెచ్చి తామే చేసుకోవాలా అని ఆలోచిస్తాయి. భూమిలోని ఆ గొట్టాలను పగలగొట్టేదీ గడ్డకట్టిన నీరే. ఆంధ్ర తీరంలో మంచు లేకపోయినా, చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటపై నిషేధం అమలవుతుంది. విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో అది పడవలకు మరమ్మతులు, వలలకు అతుకులు పడే కాలం. అక్కడ పడవ విలాసం కాదు, జీవనాధారం. కనుక వడ్రంగి, మెకానిక్ పని చేస్తున్నా, ఆ పడవ మీద సముద్రంలోకి వెళ్లవలసినవారు పక్కనే ఉండి చూసుకోవడం అక్కడి జీవితంలో భాగం.

అందువల్ల తీర్పు యంత్రాన్ని బట్టి, మనిషిని బట్టి మారవలసిందే. పడవ వెనుక బయట తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజన్‌ను నిటారుగా నిలిపితే నీరు తనంతట తానే జారిపోతుంది; దాన్ని యజమాని చూసుకోవడం ఎంతో సులభం. పడవ లోపల ఇంజన్ ఉండి సరస్సు నీటితో చల్లబడే రకానికి నీటి దారులు ఎక్కువ, పొరపాటుకు చెల్లించే మూల్యమూ ఎక్కువ. దానికి నిపుణుని సాయం సమంజసం. వయసు, అనారోగ్యం, చోటు లేకపోవడం వంటి కారణాలతో పనిని అప్పగించడం ఏ విధంగానూ లోపం కాదు. అయితే ఎవరు చేసినా యజమాని ఒక్కసారైనా తెలిసినవారి పక్కన నిలిచి ఆ పనిని మొదటి నుంచి చివరి వరకు చేసి చూడాలి; ఆ తరువాత సొమ్ము చెల్లించి చేయించుకున్నా, పని ముగిశాక ఆఖరి పరిశీలన తానే జరపాలి. సొంతదారు తన వస్తువుకు చెల్లించవలసిన అసలైన రుణం శ్రమ కాదు, ఎరుక. శ్రమను కొనవచ్చు, ఎరుకను మాత్రం ఎవరికి వారే సంపాదించుకోవాలి.