సగమే చెల్లే కాగితం

ఒక పెళ్లి ఒక దేశంలో రద్దయిపోయి, ఇంకో దేశంలో కొనసాగుతూ ఉండగలదా? ఉండగలదనే మన చట్టం చెబుతోంది. అలా ఉండటం కొందరు స్త్రీలకు రక్షణ, మరికొందరికి చెర. ఒకే సూత్రం ఈ రెండు పనులూ ఎలా చేస్తోందన్నది న్యాయవాదులకు వదిలేయాల్సిన సాంకేతిక విషయమని నేననుకోను. ఒక మనిషి జీవితం గురించి ఎక్కడో ఇచ్చిన తీర్పును మనం ఎప్పుడు ఒప్పుకోవాలి, ఎందుకు ఒప్పుకోవాలి అన్న నైతిక ప్రశ్న దీని వెనకాల ఉంది.

ఈ ప్రశ్నకు మన దేశంలో ఇప్పటికీ ప్రమాణంగా నిలిచిన జవాబు ఒక తెలుగు స్త్రీ పోరాటంలోంచి వచ్చింది. ఆమె పెళ్లి 1975లో తిరుపతిలో జరిగింది. 1978లో భార్యాభర్తలు విడిపోయారు. భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో విడాకుల కేసు వేశాడు. కేసుకు ముందు 90 రోజులు ఆ రాష్ట్రంలో ఉన్నాననడమే అతను చూపించిన అర్హత. ఆమె అక్కడ ఎన్నడూ కాపురం చెయ్యలేదు. ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోనంటూనే ఆమె జవాబు పంపింది. 1980 ఫిబ్రవరిలో, ఆమె లేకుండానే, ఈ పెళ్లి ఇక అతకదంటూ ఆ కోర్టు డిక్రీ ఇచ్చేసింది. 1981లో అతను యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. భార్య ఉండగా రెండో పెళ్లి నేరమని ఆమె కేసు పెట్టింది. మేజిస్ట్రేటు కోర్టు అతన్ని వదిలేసింది. హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. చివరికి 1991 జులైలో సుప్రీంకోర్టు మిస్సోరీ డిక్రీ ఇక్కడ చెల్లదని తేల్చింది.

దాదాపు పదేళ్లు. ఆ తీర్పు ఆమె చేతికి భరణమూ ఇవ్వలేదు, ఇల్లూ ఇవ్వలేదు. ఆగిపోయిన కేసు కింది కోర్టులో మళ్లీ నడవొచ్చని మాత్రం చెప్పింది. కానీ ఆ పదేళ్ల ఓపిక మీదే ఆ తర్వాత ఎందరో భార్యలు నిలబడ్డారు.

కోర్టు చెప్పిన సూత్రం క్లుప్తంగా ఇది. దంపతులు ఏ చట్టం కింద పెళ్లి చేసుకున్నారో, ఆ చట్టం ఒప్పుకునే కోర్టే, ఆ చట్టంలో ఉన్న కారణం మీదే విడాకులివ్వాలి. దీనికి మూడు మినహాయింపులున్నాయి. ఎదుటి పక్షం స్థిరంగా నివసించే చోటి కోర్టు ఇచ్చినా సరే, ఎదుటి పక్షం తన ఇష్టంతో వచ్చి గట్టిగా వాదించుకున్నా సరే. అయితే ఈ రెండింటిలోనూ విడాకుల కారణం మన చట్టంలో ఉన్నదై ఉండాలి. మూడోది, ఎదుటి పక్షం విడాకులకు సమ్మతించడం.

ఆ తీర్పులో ఇంకో మాట ఉంది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అదే. నోటీసు అందిందా లేదా అని చూస్తే చాలదు, ఆ మనిషి నిజంగా తన వాదన వినిపించుకోగలిగిందా అని చూడాలంది కోర్టు. అవసరమైతే ఆమె ప్రయాణానికీ, అక్కడ ఉండటానికీ, వ్యాజ్యానికీ అయ్యే ఖర్చు కేసు వేసినవాడే భరించేలా విదేశీ కోర్టు చూడాలంది. అలా చూడకపోతే అది సహజ న్యాయానికే విరుద్ధమంది.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఏ కాగితం చేతికొచ్చినా వాక్యం ఎలా కట్టారో చూడటం నాకు అలవాటు. ఇలాంటి డిక్రీల్లో తరచూ ఒక వాక్యం ఉంటుంది: ‘ప్రతివాది హాజరు కాలేదు’. వ్యాకరణం ప్రకారం ఇందులో కర్త ఆమె. రాకపోవడం ఆమె చేసిన పనిలా కనిపిస్తుంది. వీసా ఇవ్వని కాన్సులేటు, టికెట్టు కొనలేని తండ్రి, ఇంగ్లీషు నోటీసు చదివి చెప్పేవాళ్లు లేని ఊరు, ఇవేవీ ఆ వాక్యంలో లేవు. 1991 తీర్పు చేసిందల్లా ఆ వాక్యం వెనక్కి వెళ్లి, ఎందుకు రాలేదని అడగడమే.

కొన్నేళ్ల కిందట మా పిన్ని నా చేతికి ఇలాంటి డిక్రీ ఒకటి ఇచ్చి, ‘ఇందులో ఏం రాశారో తెలుగులో చెప్పమ్మా’ అంది. అది ఆమె కూతురిది. ఇక్కడ కేసు వేసింది భార్య. అమెరికాలో ఏడేళ్ల కాపురం తర్వాత, ఇద్దరూ ఉంటున్న ఊళ్లోనే వేసింది. ఇందులోనూ ‘ప్రతివాది హాజరు కాలేదు’ అనే ఉంది. కానీ ఆ ప్రతివాది ఇల్లు కోర్టుకు ఇరవై నిమిషాల దూరం. నోటీసు అందింది, కారుంది, లాయరును పెట్టుకునే జీతముంది. రాదల్చుకోలేదు, అంతే. అక్షరం తేడా లేని వాక్యమే, తిరుపతి స్త్రీ విషయంలో ఒక అన్యాయాన్ని దాచింది. మా చెల్లెలి కాగితంలో ఒక నిర్లక్ష్యాన్ని నమోదు చేసింది.

ఆ డిక్రీ పదకొండు పేజీలు. పెళ్లి రద్దయిందన్న మాట అర పేజీ కూడా లేదు. తక్కినదంతా పిల్లాడి గురించే. బడి సెలవుల్లో ఎవరి దగ్గరుండాలి, వైద్యానికి ఎవరు కట్టాలి, నెలనెలా తండ్రి ఎంత పంపాలి. విడాకులంటే తెగిపోవడమేనని మనమనుకుంటాం. ఆ కాగితం మాత్రం తెగని వాటి గురించే ఎక్కువ మాట్లాడింది.

ఆమె పిల్లాణ్ణి తీసుకుని హైదరాబాదు వచ్చి ఉద్యోగంలో చేరింది. అతనూ ఇండియా వచ్చేసి బెంగళూరులో స్థిరపడ్డాడు. ఇప్పుడు ఆ పదకొండు పేజీల విలువెంత? మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ ప్రకారం, భారత ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన కొన్ని దేశాల పైకోర్టులిచ్చిన డబ్బు డిక్రీలనే ఇక్కడ నేరుగా అమలు చేయించుకోవచ్చు. బ్రిటన్ 1953 నుంచీ ఆ జాబితాలో ఉంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2020లో చేరింది. ఇంతమంది మన పిల్లలున్న అమెరికా లేదు. అమెరికా డిక్రీని ఆధారం చేసుకుని ఇక్కడ కొత్తగా దావా వెయ్యాలి. దానికి మూడేళ్ల గడువు. లేదా పిల్లాడి పోషణ కోసం మళ్లీ మొదట్నుంచీ అడగాలి. 1994లోనే సుప్రీంకోర్టు మరో ప్రవాస పెళ్లి కేసులో పరస్పర ఒప్పందాల అవసరం గురించి చెప్పింది. ప్రవాస భారతీయుల పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ బిల్లు 2019లో రాజ్యసభ ముందుకొచ్చింది. విదేశీ డిక్రీలో పిల్లాడికి రావాల్సిన డబ్బు మాత్రం ఇంకా సముద్రం దాటడం లేదు.

డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ అర పేజీ అయినా చెల్లుతుందా? అక్కడ ఆమె ముందు రెండు దారులుండేవి. క్రూరత్వం అని రాయొచ్చు, ఇద్దరికీ పొసగలేదని రాయొచ్చు. పెద్దయ్యాక కొడుకు చదువుతాడని, తన ఒంటి మీద జరిగినవన్నీ కోర్టు రికార్డుకెక్కించడం ఇష్టం లేక రెండోది రాసింది. ఇక్కడి అడ్వకేటు ఆ కాగితం చూసి, ‘ఈ కారణం మన హిందూ వివాహ చట్టంలో లేదమ్మా. క్రూరత్వమని రాసుంటే నిలబడేది. లేదా అతని చేత సమ్మతి అఫిడవిట్ తెచ్చుకో’ అన్నాడు. అతను సంతకానికి ఒప్పుకున్నాడు. పిల్లాడి బకాయిలు మాఫీ చెయ్యాలన్నది షరతు. చెయ్యకుండా ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే, భర్త ఉండగా రెండో పెళ్లని కేసు పెడతాననీ అన్నాడు. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద దానికి ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. తిరుపతి స్త్రీకి ఆయుధమైనదే ఇక్కడ మా చెల్లెలి మీదికి తిరిగింది.

‘అక్కా, నా గాయాలు చూపిస్తే గానీ నా విడాకులు నిజం కావా?’ అని అడిగింది. స్త్రీలు గడప దాటడం గురించి మనం చాలా చదువుకున్నాం, రాసుకున్నాం. వోల్గా ‘స్వేచ్ఛ’లో అరుణ బయటికి నడవడం మా తరానికి ఎంతో ధైర్యమిచ్చింది. గడప దాటాక చేతిలో ఉండాల్సిన కాగితాల గురించి మాత్రం మనం అంతగా మాట్లాడుకోలేదు.

ఈ సూత్రాన్ని సడలిస్తే 90 రోజుల భర్తలు మళ్లీ బయల్దేరరా అని అడగొచ్చు. ఆ భయం నిజమైనదే. చాలామంది భార్యలకు మాట చెల్లించుకోవడానికి మిగిలేది, కారణం చూపకుండా వదిలించుకోలేరన్న ఒక్క ఆధారమే. అందుకే ఆ తీర్పులోని రెండు షరతుల్ని విడదీసి చూడాలంటాను. తిరుపతి స్త్రీకి జరిగిన అన్యాయమేమిటి? అడ్డదారిన తెచ్చుకున్న కోర్టు అధికారం, ఆమె గొంతు వినకపోవడం. మిస్సోరీ కోర్టు ‘క్రూరత్వం’ అని రాసి ఉన్నా ఆ అన్యాయం అలాగే ఉండేది. ఆమెను కాపాడాల్సింది ‘విన్నారా’ అన్న ప్రశ్న. మా చెల్లెల్ని కట్టిపడేసింది ‘కారణం మన జాబితాలో ఉందా’ అన్న ప్రశ్న. మొదటిది న్యాయం గురించి, రెండోది పెళ్లి మీద మన పెత్తనం గురించి.

ఆ జాబితా అంత పవిత్రమూ కాదు. 1955 నాటి చట్టమే, 29వ సెక్షన్లో, ఆచారం ప్రకారం పెద్దల ముందు జరిగే విడాకుల్ని కాపాడింది. ఎన్నో కులాల్లో ఈ చట్టానికి ముందే విడాకులున్నాయి, మారుమనువులున్నాయి. పెళ్లిని విడదీయరాని సంస్కారంగా చూసింది పైకులాలే. పెద్దల పంచాయితీలు స్త్రీలకు సమంగా న్యాయం చేశాయని నేననను. ఊరి పెద్దల మాటకు దొరికిన గౌరవం, ఆమె బతికిన ఊరి కోర్టు మాటకు ఎందుకు దొరకదన్నదే నా సందేహం. 2023లో సుప్రీంకోర్టు, ఇక అతకని పెళ్లిని తన ప్రత్యేక అధికారంతో రద్దు చెయ్యొచ్చని ప్రకటించింది. ఢిల్లీలో ఆ ఒక్క కోర్టులో న్యాయమైనది, ఫ్యామిలీ కోర్టు గుమ్మంలో అన్యాయం ఎలా అవుతుంది?

ఒక విదేశీ తీర్పు మన ముందుకొచ్చినప్పుడు మొదట చూడాల్సింది ఆ కాగితంలో లేని మనిషిని. ఆమె రాలేకపోయిందా, అతను రాదల్చుకోలేదా? రాలేకపోయిన మనిషి కోసం తలుపు మళ్లీ తెరవాలి. రాదల్చుకోని మనిషికి, ఇంకొకరి స్వేచ్ఛను తాకట్టు పెట్టుకునే హక్కు ఇవ్వకూడదు. అతని సమ్మతికి వెల కట్టే అవకాశం ఇచ్చే చట్టం, తనకు తెలియకుండానే ఆ బేరంలో మధ్యవర్తి అవుతోంది.

మా చెల్లెలు బకాయిలు వదులుకోలేదు. తన వైవాహిక స్థితి ఏమిటో ప్రకటించమని ఫ్యామిలీ కోర్టులో దరఖాస్తు వేసింది. అందులో క్రూరత్వం అన్న మాట రాయలేదు. అతని ఇంటి నుంచి ఆ కోర్టుకు ఎంత దూరమో మాత్రం రాసింది.