వెల కట్టలేని ప్రాణానికి ప్రీమియం

గేదెకు బీమా చేయించే రైతును ఎవరూ తప్పుపట్టరు. చెవికి ట్యాగు వేయించి, ధర రాయించి ప్రీమియం కడతాడు. గేదె చనిపోతే వచ్చిన సొమ్ముతో మరో గేదెను కొనుక్కుంటాడు. అక్కడ పోయేది పాడి, తిరిగి వచ్చేదీ పాడే. ఇంట్లో పెంచుకునే కుక్క దగ్గర ఈ లెక్క నిలవదు. అది పోయాక చేతికొచ్చే డబ్బుతో తీరే లోటంటూ ఏదీ లేదు. కాబట్టి కుక్కల పాలసీల్లో మరణానికి ఇచ్చే పరిహారం కోసం పైసా కట్టినా దండగే. తేల్చుకోవలసిందంతా చికిత్స ఖర్చు గురించే.

ప్రేమ ఉన్నవాడు లెక్కలు చూడడంటారు. లెక్క చూడనివాడే ఆపరేషన్ వేళకు డబ్బు చాలక నిలబడిపోతాడు. అయితే లెక్క చూస్తే బీమా ఓడిపోతుంది. అందరూ కట్టిన ప్రీమియంలోంచే క్లెయిములూ, కంపెనీ ఖర్చులూ, లాభమూ రావాలి గనుక సగటున మనకు తిరిగొచ్చేది కట్టినదానికంటే తక్కువే. పైగా అప్పటికే ఉన్న జబ్బుకు వర్తించదు. వయసు మీరిన కుక్కకు ప్రీమియం పెరుగుతుంది, లేదా పాలసీయే దొరకదు. ఆ సొమ్మేదో నెలనెలా బ్యాంకులో వేసుకోవచ్చు కదా అనే వాదన బలమైనదే. కానీ మన పొదుపు నిండేదాకా జబ్బు ఆగదు. లాబ్రడార్లలో, జర్మన్ షెపర్డ్‌లలో తుంటి కీలు లోపం ఏడాది నిండకముందే బయటపడవచ్చు. తీసుకున్న పాలసీ ఇలాంటి వంశపారంపర్య జబ్బులను మినహాయించిందంటే అదీ ఆదుకోదు. అందుకే సంతకానికి ముందు మినహాయింపుల పేజీ చదవాలి.

ఇంతా తేలాక కూడా ఒక సందేహం వదలదు. బీమా ఉంటే వైద్యాన్ని ఆపాల్సిన చోట ఆపగలమా? కుక్క తన బాధ చెప్పుకోలేదు, మరో ఆపరేషన్ వద్దనీ అనలేదు. డబ్బు లేదన్న కారణం తొలగిపోతే, నిర్ణయం బరువంతా మన మీదే పడుతుంది. ఇది బీమాకు వ్యతిరేకంగా కనిపించే మాట. కానీ ఎంత ఆలోచించినా బీమాకు దీన్ని మించిన సమర్థనా దొరకడం లేదు. పెద్ద బిల్లును తట్టుకోగల ఇంటికి బీమా అక్కర్లేదు. ఖరీదైన వైద్యం చేయించబోమని ముందే నిశ్చయించుకున్న ఇంటికీ అక్కర్లేదు. చేయించాలని ఉండి, ఒక్కసారిగా అంత సొమ్ము తేలేని ఇల్లు మాత్రం కుక్క పిల్లగా ఉన్నప్పుడే పాలసీ తీసుకోవడం మేలు. సగటున నష్టమేనని తెలిసే తీసుకోవాలి. వైద్యం ఆపుదామని అనుకునే రోజున, అందుకు కారణం కుక్క పడే బాధే కావాలి గానీ మన ఖాతాలో నిల్వ కాకూడదు. ఆ నష్టానికి బదులుగా దక్కేది అదొక్కటే, అది చాలు.