చేతిరుమాలు చాటున

1811వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీన, మత్తుమందన్నది శస్త్రవైద్యమున కింకను అందని ఆ కాలమున, ప్యారిసు నగరమందలి తన ఇంటనే, ఆంగ్ల నవలారచయిత్రి ఫ్యానీ బర్నీ రాచపుండు సోకినదని వైద్యులు తేల్చిన కుడిరొమ్మును కోయించుకొనుటకై మంచముపై పరుండినది. ముఖమున కప్పిన పలుచని చేతిరుమాలులోనుండి కత్తి తళుకు ఆమె కంటబడినదట. ఆ వేదనను నెలల తరబడి కూడదీసికొని సోదరికి లేఖగా వ్రాసిన ఆ ధీర, అటుపిమ్మట 28 ఏండ్లు జీవించినది.

నేడు మత్తుమందు కలదు, మామోగ్రాము కలదు, రొమ్మును నిలిపి గడ్డను మాత్రమే తీయు నేర్పును కలదు. ఐనను గడ్డను దాచుకొను సిగ్గు మన ఇండ్లలో నింకను వీడలేదు. తల్లులారా, తొలిదశలో గడ్డ తరచు నొప్పింపదు. నొప్పి లేమియే అభయమని నమ్మక, జాగు సేయక వైద్యులకు చూపింపుడు.