నోటికి తాళమా? నమ్మకానికి కాపలాయా?



పెదవి దాటితే పృథివి దాటుతుందని మన పెద్దలు అన్నారు. ఆ సామెత పుట్టిన రోజుల్లో మాట పొలిమేర దాటడానికైనా కొంత సమయం పట్టేది. నేడు బొటనవేలు ఒక్కసారి కదిపితే చాలు, మాటే కాదు, ఫోటో కూడా దాటిపోతుంది. అందుకే చిన్న బడి మొదలుకొని పెద్ద కంపెనీ వరకు అనేక సంస్థలు, తమ ఉద్యోగులు సోషల్ మీడియాలో ఏమి పెట్టవచ్చు, ఏమి పెట్టరాదు అని నియమాలు రాసుకుంటున్నాయి. నియమాలు అవసరమే. అయితే అవి ఎవరిని కాపాడడానికి? ఈ వారం మీతో కలిసి యోచించదలచిన ప్రశ్న ఇదే.

కొంతకాలం క్రితం నాకు పరిచయమున్న ఒక చిన్న ఆసుపత్రికి, రోడ్డు ప్రమాదంలో గాయపడిన ఒక యువకుణ్ణి అర్ధరాత్రి తీసుకువచ్చారు. కాసేపటికే ప్రాణం పోయింది. జేబులో ఏ కాగితమూ లేదు. వార్డుబాయి అతని ముఖాన్ని ఫోటో తీసి, ఎవరికైనా తెలిస్తే చెప్పండని రాసి, తనకున్న వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాడు. అతని ఉద్దేశం మంచిదే. తెల్లవారేసరికి ఆ ఫోటో యువకుని ఊరు చేరింది. పాల కేంద్రం దగ్గర వరుసలో నిలబడిన తల్లికి ఎవరో ఫోను చూపించి, "ఈ అబ్బాయి మీవాడేనా అమ్మా?" అని అడిగారు. కన్నకొడుకు మరణవార్త ఆ తల్లికి తెలిసిన తీరు అది.

వార్డుబాయిని పనిలోనుండి తీసివేశారు. ఆ తరువాత యాజమాన్యం వారు నియమావళి ఒకటి తయారుచేసి, ఒకసారి చూడమని నాకు ఇచ్చారు. పద్దెనిమిది నియమాలు. "సంస్థ పేరు ప్రతిష్ఠలు" అనే మాట దాదాపు ప్రతి పేరాలోనూ ఉంది. రోగి ప్రస్తావన ఒక్కచోటే ఉంది. నియమావళికి కారణమైన ఆ తల్లి బాధ మాత్రం అందులో ఎక్కడా కనబడలేదు! పైగా అది మొత్తం ఇంగ్లీషులో ఉంది. చదవలేని ఆయాలు, వంటవారు, వాచ్‌మన్‌లు కూడా కింద సంతకం పెట్టాలట.

సిబ్బందిని సమావేశపరచి ఆ నియమాలను తెలుగులో వివరించారు. అంతా విన్నాక వెనుక వరుసలో కూర్చున్న ఒక ఆయా లేచి, "అయ్యా, రెండు నెలలుగా జీతం రాలేదని మా చెల్లెలికి ఫోనులో రాసుకుంటే అదీ తప్పేనా?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ నియమావళి ప్రకారం అది తప్పే. ఫోటో పంపడం, జీతం రాలేదని చెప్పుకోవడం రెండింటినీ అది ఒకే గాటన కట్టింది. ఈ రెండూ ఒకటేనా? మీరే చెప్పండి.

కానే కావు. ఉద్యోగి దగ్గర రెండు రకాల మాటలు ఉంటాయి. ఒకటి ఇతరులు అతనిని నమ్మి అప్పగించినది: రోగి జబ్బు, విద్యార్థి మార్కులు, ఖాతాదారు అప్పు. ఇది ఉద్యోగి సొత్తు కాదు, యజమాని సొత్తు కూడా కాదు. అప్పగించిన వారి సొత్తు. రెండవది ఉద్యోగి సొంత మాట: అతని కష్టం, అతని అభిప్రాయం, తనకు జరిగిన అన్యాయం. మొదటిదానికి కాపలా పెట్టడం ధర్మం. రెండవదానికి తాళం వేయడం అధర్మం. సంస్థ పరువు అనే ఒకే దుప్పటి కింద రెండింటినీ కప్పివేసినప్పుడు ధర్మం పేరిట అధర్మం కూడా చెల్లుబాటయిపోతుంది.

అప్పగించిన రహస్యాన్ని కాపాడాలన్నది కొత్త సంగతి కాదు. రెండు వేల ఏళ్ల క్రిందటి హిప్పోక్రటీసు ప్రమాణంలోనే ఆ మాట ఉంది. మన దేశంలో వైద్యుల ప్రవర్తనకు 2002లో చేసిన నిబంధనలలోనూ ఉంది. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో, వైద్యులు సోషల్ మీడియాలో ఎలా మెలగాలో చెబుతూ కొత్త నిబంధనలు ప్రకటించి, అదే నెలలో వాటి అమలును నిలిపివేసింది. అంతమాత్రాన రోగి రహస్యం బయటపెట్టవచ్చునని అర్థం కాదు. కొత్త నిబంధన ఆగినా పాత బాధ్యత ఆగదు గదా!

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. గోప్యత రోగికి ఎంత విలువైనదో ఉద్యోగికీ అంత విలువైనదే. ఇక మాట విషయానికి వస్తే, ఇంటర్నెట్‌లో చికాకు కలిగించే రాతలు రాసినా నేరమేనన్న 66ఏ సెక్షన్‌ను అదే కోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ప్రభుత్వ ఉద్యోగి అయినంత మాత్రాన వాక్‌స్వాతంత్ర్యాన్ని పూర్తిగా పోగొట్టుకున్నట్లు కాదని త్రిపుర హైకోర్టు 2020లో ఒక ఫేస్‌బుక్ రాత విషయంలో చెప్పింది. ఈ తీర్పులు ప్రైవేటు సంస్థ నియమావళికి నేరుగా వర్తించకపోవచ్చు. కాని చట్టం బలవంతం చేయనిచోట అంతరాత్మ మాట్లాడకూడదా?

"అయితే ఉద్యోగి సంస్థను ఎన్ని మాటలైనా అనవచ్చా?" అని ఒక యజమాని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అబద్ధం చెప్పే హక్కు ఎవరికీ లేదు. తోటి ఉద్యోగిని, అందునా ఒక మహిళను, గ్రూపులో అవమానించే హక్కు అసలే లేదు. తన సొంత అభిప్రాయాన్ని సంస్థ అభిప్రాయంగా చెలామణి చేయడమూ తప్పే. ఒక్క దుష్ప్రచారంతో ఏళ్ల కష్టం మంటగలిసిన సంస్థలూ ఉంటాయి, వాటి మీద ఆధారపడిన కుటుంబాలూ ఉంటాయి. కాని నిజమైన ఫిర్యాదు బయటికి పొక్కిందంటే, లోపల దానిని వినే చెవి లేదన్నమాట. జీతం ఆలస్యమైందన్న మాట వల్ల పరువు పోదు. జీతం ఆలస్యం కావడం వల్ల పోతుంది.

నియమం ఎలా చేయాలన్నది కూడా ధర్మానికి సంబంధించినదే. కర్మాగారాల స్టాండింగ్ ఆర్డర్ల కోసం 1946లో ఒక చట్టం వచ్చింది. యజమాని రాసిన ముసాయిదాను కార్మికులకు పంపి, అభ్యంతరాలు చెప్పడానికి పదిహేను రోజుల గడువు ఇవ్వాలన్నది. ఖరారైన నియమాలను ఇంగ్లీషుతో పాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో కూడా గేటు దగ్గర బోర్డుపై పెట్టాలన్నది. ఆ చట్టం స్థానంలో నేడు కొత్త కార్మిక కోడ్ వచ్చింది. అయినా దాని వెనుకనున్న నీతికి కాలదోషం లేదు: అర్థం కాని నియమం మీద పెట్టించిన సంతకం ఒప్పందం కాదు, ఉచ్చు.

నియమం కింది వారికే గాని పైవారికి కాదనుకోవడం మరొక పొరపాటు. రాత్రి పదకొండు గంటలకు ఆఫీసు గ్రూపులో పని పురమాయించే మేనేజరుకు నియమం అక్కరలేదా? ఉద్యోగి సొంత ఫోను తెరిచి చూపించమని అడగడం, ఆమె స్టేటస్‌లో ఏమి పెట్టిందో ఇంకొకరి ద్వారా ఆరా తీయడం సంస్కారమేనా? రోగి ఫోటోను ప్రచారానికి వాడే ఆసుపత్రి, ఫోటో తీశాడని వార్డుబాయిని ఏ ముఖంతో శిక్షిస్తుంది?

ఆ వార్డుబాయి మాటకే తిరిగి వద్దాం. ఫోటో పంపకూడదని అతనికి అంతకుముందు ఎవరూ చెప్పలేదు. గుర్తు తెలియని మనిషి వస్తే ఏమి చేయాలో, ఎవరికి కబురు పెట్టాలో కూడా చెప్పలేదు. "డ్యూటీ డాక్టరుకు చెప్పు, పోలీసులకు ఫోను చేయి, ఫోటో జోలికి పోవద్దు" అన్న మూడు మాటలు ముందుగా చెప్పి ఉంటే అతని ఉద్యోగమూ నిలిచేది, ఆ తల్లికి అంత గాయమూ అయ్యేది కాదు. మంచి నియమం వద్దు అని ఊరుకోదు, దారి కూడా చూపుతుంది. నేర్పకుండా శిక్షించడం న్యాయం కాదు.

ఆ ఆసుపత్రి వారు చివరకు నియమావళిని తెలుగులో రాయించారు. మొదటి వాక్యం మార్చారు: "మనల్ని నమ్మి వచ్చినవారి ముఖం, పేరు, బాధ మనవి కావు." ఆయా అడిగిన ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాయలేదు.

పాఠకులారా! మీలో యజమానులు ఉండవచ్చు, ఉద్యోగులు ఉండవచ్చు. యజమానులైతే మీ నియమాలను బయటికి తీసి, ఒక్కొక్కదాని పక్కన "ఇది ఎవరిని కాపాడుతున్నది?" అని రాసుకోండి. నన్ను మాత్రమే అన్న జవాబు వచ్చినచోట కొట్టివేయడానికి వెనుకాడకండి. ఉద్యోగులైతే, ఇంకొకరి ఫోటో పంపబోయే ముందు, పాల కేంద్రం దగ్గర వరుసలో నిలబడిన ఒక తల్లిని ఒక్క క్షణం తలచుకోండి.